ఏ తలుపులోంచి వచ్చింది

అడగకుండానే ఒట్టు వేసింది, అదే అన్నిటికన్నా విచిత్రం. అడిగి వేయించుకున్న ఒట్టయితే కొంత నెపం మిగిలేది, బలవంతం మీద వేశానని రేపు చెప్పుకోవచ్చు. కానీ మేనత్త చిలకమ్మ తనంతట తానే వచ్చి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, మౌనిక నెత్తి మీద పెట్టి, నీ తోడు, మంచినీళ్ళ చుక్క తప్ప మీ నాన్న నోట్లో ఇంకోటి పడనివ్వను అంది. ఆ చెయ్యి బరువు మౌనికకు ఇంకా తెలుస్తూనే ఉంది. అబద్ధమాడే చెయ్యి అంత వెచ్చగా ఎలా ఉంటుందో ఆమెకు అర్థం కావడం లేదు.

ఆసుపత్రి వరండాలో, ఐసీయూ ఎదురు బల్ల మీద కూర్చుని ఉంది ఆమె. కాస్సేపటి క్రితమే లోపల తండ్రి తవిటయ్య కళ్ళు తెరిచాడు. చాలా రోజుల తర్వాత జ్వరం లేని కళ్ళు. కూతుర్ని గుర్తుపట్టి నవ్వాడు కూడా. తర్వాత ఆమె భుజం మీదుగా తలుపు కేసి చూసి, "సిలక రాలేదేటి? ఇయ్యాల అంబలి తేలేదేటి?" అన్నాడు.

"అంబలి ఎవలు తెచ్చినారు నాన్నా?"

తవిటయ్య కూతురి ముఖంలోకి చూశాడు. నోరు జారిన సంగతి అప్పుడు తెలిసింది కాబోలు. జ్వరం తగ్గిన మనిషి జ్వరం ఉన్నట్టు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఆ కళ్ళు మూసుకోవడమే మౌనికకు గుచ్చుకుంది. అత్త ఒక్కతే అయితే అది అత్త మొండితనం. నాన్న కూడా అయితే అది కుట్ర. కుట్ర అన్న మాట పెద్దదని ఆమెకు తెలుసు. అయినా ఇంతకన్నా చిన్న మాట దొరకలేదు.

తవిటయ్య ఈ బంగ్లా మాట్లాడే ఊళ్ళో రైల్వే వర్క్‌షాపులో వెల్డింగ్ చేసి రిటైరైన మనిషి. పేగుకు చిల్లు పడితే పొట్ట కోసి కుట్టారు. కుట్లు మానేదాకా నోటి ద్వారా నీళ్ళు గుక్కెడు తప్ప ఏమీ కూడదన్నారు. మెడ దగ్గర పెద్ద సిరలోకి సన్నని గొట్టం పెట్టి దాన్లోంచే తిండీ మందూ ఎక్కించారు. నాలుగు రోజులు బాగానే ఉన్నాడు. తర్వాత వణుకుతూ జ్వరం వచ్చింది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ చేరిందన్నారు. బాక్టీరియా మందులు ఒకదాని మీద ఒకటి మార్చినా జ్వరం చెక్కుచెదరలేదు.

అప్పుడే డాక్టర్ మైతీ మౌనికను తన గదికి పిలిచాడు. కోల్‌కతాలో ఒక పరిశోధన జరుగుతోంది, మీ నాన్నగారి రక్తం కొంచెం అదనంగా తీసి పంపుతాను, ఒప్పుకుంటారా అని అడిగాడు. ఏం పరిశోధన అని అడిగితే, సగం హిందీలో సగం బంగ్లాలో, ఓపిగ్గా చెప్పాడు.

"చూడండి దీదీ, బాక్టీరియా అయినా, ఫంగస్ అయినా పైకి జ్వరం ఒకటే. వణుకూ ఒకటే, బీపీ పడిపోవడమూ ఒకటే. రక్తాన్ని సీసాలో పెట్టి ఏ సూక్ష్మజీవి పెరుగుతుందో చూడాలంటే రోజులు పడుతుంది. ఫంగస్ అయితే చాలాసార్లు సీసాలో పెరగదు కూడా. అందుకని వీళ్ళు దొంగని వెతకరు. ఒంట్లో కాపలావాళ్ళు ఏ రకంగా కేకలు వేస్తున్నారో వింటారు. బాక్టీరియా వస్తే రక్తకణాలు వదిలే పదార్థాలు వేరు, ఫంగస్ వస్తే వేరు. ఆ తేడా కొలుస్తారు."

మౌనిక రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేస్తుంది. ఆమెకు ఆ మాట వెంటనే పట్టింది. పట్టా మీద బండి ఉందో లేదో కళ్ళతో చూడక్కర్లేదు, పట్టాలకు కట్టిన రిలే చెబుతుంది. సరేనంది.

ఫలితం వచ్చింది. బాక్టీరియా ఉంటే బాగా పెరగాల్సిన పదార్థం పెద్దగా పెరగలేదు. ఫంగస్ వస్తే పెరిగేవి పెరిగి ఉన్నాయి. "ఇది ఖాయం కాదు, మొగ్గు మాత్రమే," అన్నాడు మైతీ. "కానీ ఈ మొగ్గును బట్టి ఇవాళే మందు మారుస్తాను. సీసా కోసం ఆగను." ఆ తర్వాత సీసాలోనూ ఫంగసే పెరిగింది. అప్పటికే మారిన మందు జ్వరాన్ని దించుతోంది.

"ఎవరు తెచ్చారు దీన్ని లోపలికి?" అని అడిగింది ఆ రోజు మౌనిక.

"రక్తం అది చెప్పదు దీదీ. ఏం వచ్చిందో చెబుతుంది. ఏ తలుపులోంచి వచ్చిందో చెప్పదు. మెడ దగ్గర గొట్టం కావచ్చు. ఎవరి చెయ్యో కావచ్చు. అసలు ఇది మనందరి పేగుల్లోనూ పుట్టినప్పటి నుంచి అద్దెకుండేదే. ఇల్లు బలహీనపడితే నడవాలోంచి పడగ్గదిలోకి వస్తుంది." కాస్త ఆగి అడిగాడు. "బయటి తిండి ఏమైనా పెట్టారా? పులియబెట్టినది?"

"లేదు," అంది మౌనిక గట్టిగా. "మా అత్త ఒట్టు వేసింది."

ఇప్పుడు బల్ల మీద కూర్చుని ఆ "లేదు" అన్న మాటని ఆమె మళ్ళీ విన్నది. ఎంత ధీమా. ఆ ధీమాతోనే కదా రెబెక్కా మీద ఫిర్యాదు చేసింది.

రెబెక్కా ఐసీయూ నర్సు. పలాస వైపు నుంచి తాతల నాడు ఇక్కడికి వచ్చిన కుటుంబం. ఒక మధ్యాహ్నం మౌనిక లోపలికి వెళ్ళేసరికి తండ్రి మెడ దగ్గర పట్టీ విప్పి ఉంది, కింద తడిగా ఉంది, పక్కన రెబెక్కా ఉంది. చేతులు కడుక్కున్నావా, అసలు నీకు పని తెలుసా అని మౌనిక వార్డంతా వినబడేలా అరిచింది. రెబెక్కా తడి పట్టీ పక్కన పెట్టింది. మంచం అవతల ఉన్న చిలకమ్మ కేసి ఒక్కసారి చూసింది. చిలకమ్మ మాత్రం, "ఈ నర్సు గుంటలకి సుబ్రం ఎక్కడేడిసిందమ్మా," అంది. సూపరింటెండెంట్ రెబెక్కా డ్యూటీ ఆపింది. సోమవారం విచారణ అంది.

బయట బ్యాటరీ రిక్షా, టోటో ఎక్కి తాల్‌బగీచా అని చెప్పింది మౌనిక. మేనత్త ఇల్లు అక్కడ. తల్లి పోయాక తనని పెంచింది ఆ ఇంట్లోనే. దారి పొడవునా ఏమని మొదలుపెట్టాలో మాటలు పేర్చుకుంది. ఒక్కటీ నిలవలేదు.

చిలకమ్మ పెరటి వసారాలో పీట మీద కూర్చుని చోడిపిండి, అదే రాగిపిండి, జల్లిస్తోంది. గోల్‌బజార్‌లో పాండురంగయ్య కొట్టు పిండి తప్ప ఆమెకు ఇంకొకటి పనికిరాదు. జల్లెడ ఆపకుండానే తలెత్తింది.

"ఏటే, డ్యూటీకెళ్ళలేదా? అన్నకెలాగుంది?"

"అంబలి అడుగుతున్నాడు."

జల్లెడ ఆగింది. చిలకమ్మ ముఖంలో ముందు వచ్చింది సంతోషం. కల్తీ లేని సంతోషం, దాచడానికి వ్యవధి లేనిది. "అడిగినాడేటి? నోరిప్పి అడిగినాడా? మాత సల్లగా సూసిందే." భయం దాని వెనకాలే, ఆలస్యంగా వచ్చింది. మౌనిక రెండింటినీ చూసింది. ఆ సంతోషాన్ని చూడకపోయి ఉంటే కోప్పడడం సులువయ్యేది.

"నా నెత్తి మీద సెయ్యెట్టి సెప్పినావు అత్తా."

"సెప్పినాను."

"మరి?"

"ఒట్టు తీసి గట్టు మీదెట్టినాను." చిలకమ్మ పిండి వేళ్ళని చూసుకుంది. "నవ్వకు. ఉత్తినే ఎట్టలేదు. మాత గుడికెళ్ళి పసుపునీళ్ళు పోసినాను, నా ఒట్టు నా తలకే తగలాల, గుంట తలకి తగలకూడదని మొక్కినాను. నీకేటీ అవ్వదు."

"నాకేటవుద్దని కాదు నానడిగింది."

"మరేటి సెయ్యమంటావే? జొరం ఇంకా రాకముందే ఒళ్ళు వేడెక్కీసింది. నాలిక పిడసకట్టీసింది. ఆ డాక్టరుబాబు ఎక్కించినవన్నీ వేడి మందులే. సలవ సెయ్యాలా వొద్దా? మీ తాతకి జొరమొస్తే ఏటి పోసినాము? నీకు అమ్మోరు పోసినప్పుడు ఏటి పోసినాను? పులిసిన సోడంబలి తేటే కదా. సెంచాతో పెదాలు తడిపినాను, అంతే. మింగినాడు. సిన్నపిల్లడిలాగ సప్పరించినాడు."

"అంతేనా? మెడ కాడ పట్టీ?"

చిలకమ్మ జల్లెడ ఒళ్ళోకి తీసుకుంది. "కొంచెం కారింది," అంది చివరికి. "పట్టీ తడిసింది. విప్పి కొంగుతో తుడిసి మళ్ళీ అతికించినాను. అతుక్కోలేదు సరిగ్గా."

మౌనిక వసారా గోడకు ఆనుకుంది. తను అరిచిన ప్రతి మాటా తిరిగి వచ్చి చెవిలో కూర్చుంది.

"నాను రెబెక్కాని అన్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు."

చిలకమ్మ జల్లెడ అంచు గోకుతోంది.

"పక్కనుండి, సుబ్రం లేదన్నావు."

"అప్పుడు ఏటి సెప్తానే? ఆయాల నీ మొకం నువ్వు సూసుకున్నావా? నోరిప్పితే నన్ను రైలు కింద తోసీసేలాగున్నావు." గొంతు తగ్గించింది. "ఆ గుంటకి తెల్సు. సూసింది. వొద్దమ్మా అంది. మాదీ సీకాకుళమే తల్లీ, మనోళ్ళమే కదా అని బతిమాలుకున్నాను. అటు తిరిగి నిలబడింది. మంచి గుంట."

"మంచి గుంటని తెలిసే దాని మీద తోసీసినావు."

"నాను తొయ్యలేదు. నువ్వే తోసినావు. నాను ఊరుకున్నాను."

అది నిజమే. నిజం కాబట్టే ఇంకా భరించరానిదిగా ఉంది.

"నాన్నకి తెల్సు, నీకు తెల్సు, ఆ నర్సుకి తెల్సు. నాకే తెలీదు."

"నీకు సెప్తే ఊరుకుంటావేటి? సిన్నప్పట్నించీ అంతే నువ్వు. నీకో మాట సెప్పాలంటే ముందు సెవులు మూసుకోవాల." చిలకమ్మ లేచి దగ్గరికి వచ్చింది, ముట్టుకోబోయి పిండి చేతులు చూసుకుని ఆగింది. "నా పేరు ఎత్తకే అమ్మీ. ఎత్తితే గేటు కాడ ఆపీస్తారు. అన్నని సూడ్నివ్వరు. పట్టీ దానంతటదే ఊడిందని సెప్పు. ఆ గుంటకి ఇంకో ఆస్పత్రి దొరక్కపోదు. నాకు ఇంకో అన్న దొరకడు."

మౌనిక బయటికి వచ్చింది. వెనక నుంచి, "తిని పోవే," అన్న మాట వినబడింది. ఇంత జరిగినా తిని పొమ్మనే మనిషి.

టోటో పిలవకుండా నడిచింది. ఎండ మాడ్చేస్తోంది. వర్క్‌షాపు సైరన్ కూసింది, సైకిళ్ళు గుంపుగా ఎదురొచ్చాయి, తప్పుకుంది.

కోపం వచ్చిందని తెలుస్తోంది. ఏ కోపమో తెలియడం లేదు. సూపరింటెండెంట్‌కి ఫోన్ చేసి అత్త పేరు చెప్పేస్తే అది రెబెక్కాకి న్యాయం. అదే ఫోను, అవే మాటలు, అత్త మీద కసి తీర్చుకోవడం కూడా. గేటు దగ్గర అత్తని ఆపేస్తే లోపల ఎక్కడో తనకి హాయిగా ఉంటుంది, అది ఇప్పుడే తెలిసిపోతోంది. నన్ను వదిలేసి ముగ్గురూ కూడబలుక్కున్నారు కదా, ఇప్పుడు అనుభవించండి. పైకి రెండింటికీ ఒకటే జ్వరం. లోపల కాపలావాళ్ళు ఏ రకంగా కేకలు వేస్తున్నారో తనకి వినబడడం లేదు. తండ్రి రక్తం పాటి తెలివి తన మనసుకు లేకపోయింది.

ఇంకొకటి కూడా తోచింది, తోచకుండా ఉంటే బాగుండేది. సిగ్నల్ పనిలో మొదట నేర్పేది, ఏ చిన్న అనుమానం వచ్చినా దీపం ఎర్రబడాలని. తను ఇంట్లో కూడా ఎర్రదీపంలాగే నిలబడిందేమో. ఎర్రదీపానికి ఎవరూ కష్టం చెప్పుకోరు. అది చూడకుండా పక్క పట్టా మీద నుంచి వెళ్ళిపోతారు. అయితే అది వాళ్ళు చేసిన మోసానికి మందు కాదు. తన తప్పు ఉన్నంత మాత్రాన వాళ్ళ తప్పు చల్లబడదు. మనసు ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి కొట్టేయాలని చూస్తోంది, ఆమె కొట్టేయనివ్వలేదు.

సుభాష్‌పల్లిలో రెబెక్కా ఇల్లు అడిగి తెలుసుకుంది. గుమ్మం ముందు కత్తిపీట వేసుకుని రెబెక్కా చేపలు కోస్తోంది. మౌనికను చూసి లేచింది. బక్కెట్లో నీళ్ళు ముంచి చేతులు కడుక్కుంది. సబ్బు రాసి, వేళ్ళ సందులు రుద్ది, గోళ్ళు రుద్ది, మణికట్టు దాకా కడిగి, తుడుచుకోకుండా ఆరనిచ్చి, అప్పుడు కుర్చీ లాగి వేసింది. అలవాటు కొద్దీ చేసిన పని. మౌనిక కుర్చీలో కూర్చోలేకపోయింది.

"మీ నాన్నగారికెలాగుంది?"

"జ్వరం తగ్గింది. మా అత్త చెప్పింది. అంతా."

"ఏటి సెప్పింది?"

"అంబలి సంగతి. పట్టీ సంగతి. నువ్వు చూసిన సంగతి."

"మొదటిసారి సూసినప్పుడు వొద్దన్నాను," అంది రెబెక్కా. "రెండోసారి సూడనట్టు అటు తిరిగినాను. అది నా తప్పే. నర్సు అలా తిరక్కూడదు. ఆ తడి పట్టీ మాత్రం నాది కాదు. మారుద్దామని విప్పినాను, అప్పుడే మీరొచ్చినారు."

"నాతో చెప్పొచ్చు కదా."

"మీరడిగినారేటి? కేకలేసినారు."

లోపల ఎవరో టీవీ కట్టేశారు. మాటలు వినడానికి కాబోలు.

"సూపరింటెండెంట్‌కయినా చెప్పాల్సింది. నీ ఉద్యోగం కదా."

"సెప్పాల్సిందే. వార్డంతా బంగ్లా, హిందీ. మీ అత్త వొచ్చి 'ఏటే గుంటా, తిన్నావా' అంటే మా అమ్మమ్మ లేసొచ్చినట్టుండేది. అక్కడ మెత్తబడిపోయినాను. మెత్తబడినందుకు ఆవిడే, సుబ్రం లేదంది." ఆ చివరి మాట మాత్రం రెబెక్కా తన చేతులు చూసుకుంటూ అంది. మౌనిక తల తిప్పి చూసింది. తనలాగే ఇంకొకరు కూడా మోసపోయారన్న సంగతి అప్పుడు తట్టింది ఆమెకు. ఇంతసేపూ ఆ బాధ తన ఒక్కదానిదే అనుకుంది.

"ఆ ఫంగస్సు, అంబలి వల్లే వచ్చిందంటావా?" అడిగింది నెమ్మదిగా.

రెబెక్కా నవ్వింది. మంచి నవ్వు కాదు. "నన్నడుగుతారేటి? ఆయాల వార్డులో మీకు కాయంగా తెల్సు కదా, నా సేతుల వల్లేనని."

మౌనిక తల దించుకుంది.

"నాకు తెలీదు," అంది రెబెక్కా, నవ్వు తీసేసి. "అంబలి కావొచ్చు, ఆ కొంగు కావొచ్చు. ఈ రెండూ లేకపోయినా రావొచ్చు. అలాటోళ్ళని సూసినాను. నా సెయ్యి కాదని నాను మాత్రం ఒట్టెయ్యగలనేటి? ఎవలం ఎయ్యలేము." మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది. "సోమారం పిలుస్తారు. మీ అత్త పేరు నా అంతట నాను ఎత్తను. ఎత్తినా నమ్మరు, తప్పించుకోడానికి అంటందంటారు. మీరు ఎత్తకపోతే నా ఉద్యోగం పోద్ది. అది మటుకు తెలిసి ఎళ్ళండి."

చేప తీసుకుని పొలుసు గీకసాగింది. బతిమాలలేదు, ఏడవలేదు, క్షమించానని కూడా అనలేదు. అన్నా మౌనిక దాన్ని ఏం చేసుకుని ఉండేదో.

గేటు దాకా వెళ్ళి ఆగింది మౌనిక. రోడ్డు మీద ఎండకి తారు మెత్తబడింది. ఆ ఫోను కోపం చల్లారాక చేద్దామా అనుకుంది, శుభ్రమైన మనసుతో చేస్తే న్యాయమని తనకి తానే నమ్మకం కలుగుతుందని. కానీ చల్లారదు. సోమవారానికి చల్లారదు, బహుశా ఎన్నటికీ చల్లారదు. ఆ కసిలో న్యాయం ఎంతో, న్యాయంలో కసి ఎంతో తేల్చే సీసా ఎక్కడా లేదు. డాక్టర్ మైతీ సీసా కోసం ఆగలేదు. మొగ్గు చూసి మందు మార్చాడు.

రేపు ఆసుపత్రి గేటు దగ్గర అత్త నిలబడి ఉంటుంది. లోపల నాన్న తలుపు కేసి చూస్తుంటాడు. వాళ్ళిద్దరి మధ్య తను నడిచి వెళ్ళాలి.

వెనక్కి వచ్చి రెబెక్కా ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. ఫోన్ తీసి సూపరింటెండెంట్ నంబరు నొక్కింది. అవతల బంగ్లాలో ఎవరని అడిగారు.

"ఐసీయూలో తవిటయ్య కూతుర్ని మాట్లాడుతున్నాను," అంది మౌనిక. "నేను నర్సు మీద చేసిన ఫిర్యాదు తప్పు. ఆ పట్టీ తడిపి, ముందు విప్పింది మా ఇంటి మనిషి."

పేరేమిటని అడిగింది అవతలి గొంతు. రెబెక్కా చేతిలో చేప ఆగింది.

మౌనిక అత్త పేరు చెప్పింది.